ఓటీపీ పెట్టడం ఒక ఎత్తు, యాక్సెస్ తగ్గించడం మరో ఎత్తు

మా ఆఫీసులో లాగిన్ భద్రత పని మొదలవడానికి కారణం హ్యాకింగ్ కాదు. ఒక పెద్ద క్లయింట్ కాంట్రాక్టు రెన్యువల్‌కు ముందు మాకో ప్రశ్నాపత్రం పంపారు. ఉద్యోగులందరికీ రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగేది) ఉందా, బ్యాకప్‌లు ఎక్కడ ఉంటాయి, ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లు ఎప్పటికి మూసేస్తారు... అన్నీ మామూలు ప్రశ్నలే. మధ్యలో మాత్రం ఒక చిన్న ప్రశ్న ఉంది: మీ సంస్థలో అడ్మిన్ హక్కులు, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చగల హక్కులు, ఎంతమందికి ఉన్నాయి? ఐటీ చూసే మేం ముగ్గురం మూడు అంకెలు చెప్పాం. సిస్టమ్‌లోకి వెళ్లి చూస్తే నాలుగో అంకె కనిపించింది, అది మేం చెప్పిన మూడింటికంటే పెద్దది.

వందమందికి పైగా పనిచేసే ఆఫీసు మాది. సెక్యూరిటీకంటూ ప్రత్యేకంగా టీమ్ లేదు కాబట్టి పని నా నెత్తిన పడింది. మొదలుపెట్టే ముందు దొరికినవన్నీ చదివాను. అన్నింట్లోనూ ఏ సెట్టింగ్ ఎక్కడుందో వివరంగా ఉంది. నిజానికి సెట్టింగులకు పట్టిన టైమ్ చాలా తక్కువ. మిగతాదంతా మనుషులతో మాట్లాడటానికే సరిపోయింది. ఎందుకంటే ఆఫీసులో యాక్సెస్ అంటే పనిముట్టు మాత్రమే కాదు, పరపతి కూడా. "ఆ ఫోల్డర్ నాకు ఓపెన్ అవుతుంది" అనడంలో ఒక దర్జా ఉంటుంది. దాన్ని తీసేస్తున్నామంటే, మనం ఎంత మెత్తగా చెప్పినా, వినేవాళ్లకు "మీ మీద నమ్మకం పోయింది" అన్నట్టే వినిపిస్తుంది.

అందుకే ముందు లాగిన్ పని పెట్టుకున్నాం. అది అందరికీ ఒకేలా వర్తిస్తుంది, ఎవరూ చిన్నబుచ్చుకోరు. పైగా దొంగ పాస్‌వర్డ్‌తో వచ్చేవాణ్ణి ఆపడానికి అంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని లేదు. రెండో అంచె ఉంటే అకౌంట్ల మీద జరిగే దాడుల్లో 99.9 శాతానికి పైగా ఆగిపోతాయని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది ఆ సేవను అమ్ముకునే కంపెనీ చెప్పిన అంకె అనుకుని కాస్త తగ్గించుకున్నా, అందులో న్యాయం ఉంది. ఎక్కడో లీకైన పాస్‌వర్డ్‌ను ఇంకోచోట వేసి చూడటమే చాలా దాడుల అసలు రహస్యం.

డైరెక్టర్ గారికి చూపించిన ప్రజెంటేషన్‌లో ఆయన ఆగి చదివిన స్లైడ్ ఒక్కటే. 2021 మే నెలలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన సంస్థలోకి దొంగలు చొరబడ్డారు. వాళ్లు వాడుకున్నది అప్పటికి ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే లాగిన్. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే ఉంది, రెండో అంచె లేదు. పైప్‌లైన్ కొన్నాళ్లు ఆగిపోయింది, బంకుల దగ్గర క్యూలు కట్టారు, సంస్థ సుమారు 44 లక్షల డాలర్లు దొంగలకు సమర్పించుకుంది. "ఎవరూ వాడని అకౌంటా?" అని డైరెక్టర్ గారు రెండుసార్లు అడిగారు. ఆ మధ్యాహ్నమే అనుమతి వచ్చేసింది.

రెండో అంచెగా ఏం పెట్టాలన్న దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. అందరూ ముందు అడిగేది ఎస్సెమ్మెస్ ఓటీపీ, అలవాటైనది కాబట్టి. ఏమీ లేనిదానికంటే అది ఎంతో మేలే. కానీ ఫోన్ నంబర్ మన చేతిలో ఉన్నంత భద్రంగా టెలికాం కంపెనీ చేతిలో ఉండదు. మాయమాటలు చెప్పి మన నంబర్‌ను ఇంకో సిమ్‌లోకి మార్పించుకునేవాళ్లు ఉన్నారు. 2019 ఆగస్టులో ట్విట్టర్ సీఈఓ జాక్ డోర్సీ సొంత అకౌంట్ నుంచే ఎవరో పిచ్చి ట్వీట్లు పెట్టగలిగారంటే, ఆయన ఫోన్ నంబర్ చేతులు మారడం వల్లే. మేం కోడ్ చూపించే యాప్‌ను ఎంచుకున్నాం.

ఈ యాప్ గురించి ఒక్క విషయం ముందే అందరికీ వివరించి ఉండటం బాగా పనికొచ్చింది. అందులో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ ఎక్కడి నుంచో వచ్చేది కాదు. మొదట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోన్‌లో చేరుతుంది. ఆ సంఖ్యను, అప్పటి టైమును కలిపి ఫోన్ ఒక లెక్క వేస్తుంది. సర్వర్ కూడా తన దగ్గర అదే లెక్క వేసుకుంటుంది. రెండూ కలిస్తే లోపలికి రానిస్తుంది. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే పేరుతో వచ్చిన ప్రమాణం ఇది. సిగ్నల్ లేకపోయినా, డేటా ఆపేసినా కోడ్ వస్తుంది. "మరి ఆఫీసువాళ్లకు నా ఫోన్ కనబడుతుందా?" అన్న అనుమానానికి కూడా సమాధానం ఇందులోనే ఉంది.

లెక్కంతా టైమ్ మీద ఆధారపడుతుంది కాబట్టి తమాషాలు కూడా జరిగాయి. ఆపరేషన్స్‌లో ఒక మేడమ్‌కు కోడ్ ఎంతకీ పడలేదు.

"తప్పు కోడ్ అంటోందండీ. చూసి చూసి కొడుతున్నా."

"మీ ఫోన్‌లో టైమ్ ఎంతైందండీ?"

"పదీ ఇరవై."

నా ఫోన్‌లో పదీ పన్నెండు.

"అదా... లేటవకుండా ఎప్పుడూ ఎనిమిది నిమిషాలు ముందే పెట్టుకుంటానండీ."

టైమ్‌ను ఆటోమేటిక్‌లో పెట్టగానే మొదటిసారికే పడింది. ఆ తర్వాత ఎవరు కోడ్ పడట్లేదన్నా మేం ముందు అడిగింది టైమే.

గట్టిగా వచ్చిన అభ్యంతరం ఇంకొకటి ఉంది: నా సొంత ఫోన్‌లో ఆఫీసు యాప్ ఎందుకు వేసుకోవాలి? ఇది మొండితనం కాదు, న్యాయమైన ప్రశ్న. ఫోన్ వాళ్లది, డేటా ఖర్చు వాళ్లది, పోతే నష్టం వాళ్లది. కోడ్ యాప్‌కూ, ఫోన్‌ను మొత్తం ఆఫీసు అదుపులో పెట్టే సాఫ్ట్‌వేర్‌కూ తేడా వివరించాం. అది కాక, వద్దనుకున్నవాళ్లకు యూఎస్‌బీ సెక్యూరిటీ కీ, అంటే కంప్యూటర్‌కు గుచ్చి లాగిన్ అయ్యే చిన్న పరికరం, ఆఫీసు ఖర్చుతో ఇస్తామన్నాం. కీ తీసుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. వేరే దారి ఉందని తెలియగానే మిగతావాళ్ల పట్టుదల తగ్గిపోయింది.

కోడ్ కొట్టే శ్రమ లేకుండా, ఫోన్‌లో "మీరేనా? అవును, కాదు" అని అడిగే పద్ధతి కూడా ఉంది. సుఖంగా ఉంటుంది, అదే దాని బలహీనత. 2022 సెప్టెంబరులో ఊబర్‌లోకి దూరినవాడు ఒక కాంట్రాక్టు ఉద్యోగి పాస్‌వర్డ్ సంపాదించి, ఫోన్‌కు వరసపెట్టి అలాంటి నోటిఫికేషన్లు పంపించాడు. ఆ ఉద్యోగి చివరికి ఒకదానికి "అవును" కొట్టాడు. అందుకే ఆ పద్ధతి వాడుకునేవాళ్లకు, లాగిన్ స్క్రీన్ మీద కనిపించే రెండంకెల సంఖ్యను ఫోన్‌లో టైప్ చేయిస్తేనే ఒప్పుకునేలా పెట్టాం. మైక్రోసాఫ్ట్ 2023 మే నుంచి తన యాప్‌లో దీన్ని తప్పనిసరి చేసింది. తాను లాగిన్ అవుతున్నవాడికే ఆ సంఖ్య కనబడుతుంది కాబట్టి నిద్రలో "అవును" కొట్టే ప్రశ్నే ఉండదు.

అయినా కోడ్‌కైనా, సంఖ్యకైనా ఒక కన్నం మిగిలే ఉంటుంది. అచ్చం మన లాగిన్ పేజీలాంటి నకిలీ పేజీ పెట్టి, మనం కొట్టిన పాస్‌వర్డ్‌ను, కోడ్‌ను అక్కడికక్కడే అసలు సైట్‌లో వేసేసుకుంటారు. ముప్పై సెకన్లు వాళ్లకు చాలా ఎక్కువ. సెక్యూరిటీ కీ, పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచుకునే డిజిటల్ తాళంచెవి) ఈ మోసానికి లొంగవు. అవి ఏ సైట్‌లో నమోదయ్యాయో ఆ డొమైన్‌కే, అంటే ఆ వెబ్ చిరునామాకే, జవాబిస్తాయి. నకిలీ పేజీ కంటికి ఎంత అసలుదానిలా కనిపించినా కీ దానికి జవాబివ్వదు. 2022లో ట్విలియో, క్లౌడ్‌ఫ్లేర్ అనే రెండు అమెరికా టెక్ కంపెనీల ఉద్యోగులకు దాదాపు ఒకేలాంటి మోసపు మెసేజ్‌లు వెళ్లాయి. ట్విలియోలోకి దొంగలు దూరగలిగారు. క్లౌడ్‌ఫ్లేర్‌లోనూ ముగ్గురు ఉద్యోగులు పాస్‌వర్డ్ ఇచ్చేశారు, కానీ అక్కడ అందరికీ కీలు తప్పనిసరి కావడంతో దొంగలు ముందుకు పోలేకపోయారు. మనుషులు రెండుచోట్లా మోసపోయారన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. "అవగాహన తరగతులు పెడితే సరిపోతుంది కదా" అన్న ప్రతి మేనేజర్‌కూ నేను ఈ ఉదాహరణే చెప్పాను. అందరికీ కీలు కొనే బడ్జెట్ మాకు లేదు. ఐటీకి, అకౌంట్స్‌కు, హెచ్‌ఆర్‌కు ముందు ఇచ్చాం. ఒక్కొక్కరికి రెండేసి, ఒకటి పోతే పని ఆగకుండా.

ఇంత శ్రమ పెడుతున్నప్పుడు బదులుగా ఏదో ఒకటి తగ్గించాలి కదా. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత నియమం ఎత్తేశాం. చప్పట్లు పడ్డ ఒకే ఒక్క నిర్ణయం అది. ఆ నియమానికి మూలమైన 2003 నాటి అమెరికా ప్రభుత్వ పత్రం రాసిన బిల్ బర్ అనే ఆయనే, 2017లో ఒక పత్రికతో తాను రాసినదానిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని చెప్పారు. అదే ఏడాది, ఆ పత్రాన్ని వెలువరించిన అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్, కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని, కొత్త పాస్‌వర్డ్ లీకైనవాటి జాబితాలో ఉందేమో చూడమని మార్గదర్శకాలు మార్చింది. గడువు పెడితే జనం ఏం చేస్తారో మనకు తెలియనిదా? చివర ఉన్న 7ని 8 చేస్తారు.

పైకి కనిపించని పనులే ఎక్కువ సతాయించాయి. మెయిల్ సర్వర్‌లో ఐమాప్, పాప్ లాంటివాటితో మెయిల్ తెచ్చుకునే పాత లాగిన్ పద్ధతులు కేవలం పాస్‌వర్డ్‌నే అడుగుతాయి, రెండో అంచె వాటికి తెలియదు. ముందు వాకిట్లో ఎంత కాపలా పెట్టినా ఆ దారి తెరిచి ఉంటే లాభం లేదు. మూసేశాం. మూసిన రోజే కాపీ మెషీన్ నుంచి స్కాన్లు మెయిల్‌కు రావడం ఆగిపోయింది. అది పాత పద్ధతిలో, ఒక మామూలు ఉద్యోగి అకౌంట్‌తో మెయిల్ పంపుతోందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. దానికి విడిగా, ఆఫీసు నెట్‌వర్క్ లోపల మాత్రమే పంపగల దారి ఏర్పాటు చేశాం.

నలుగురు కలిసి వాడే మెయిల్ ఐడీల సంగతి ఇంకా తిరకాసు. పాస్‌వర్డ్ నలుగురికీ తెలుసు, కోడ్ మాత్రం ఒకరి ఫోన్‌కే వస్తుంది. ఆయన సెలవులో ఉంటే మిగతా ముగ్గురూ ఆయనకు ఫోన్ చేసి "కోడ్ చెప్పండి" అనడం మొదలుపెట్టారు. కోడ్ ఎవరికీ చెప్పొద్దని పోస్టర్ అంటించిన గోడ కిందే ఇది జరిగింది. ఆ ఐడీకి లాగిన్ అనేదే లేకుండా చేసి, ఎవరి సొంత లాగిన్‌తో వాళ్లు ఆ ఇన్‌బాక్స్‌ను తెరిచేలా మార్చాం. ఇప్పుడు ఏ మెయిల్‌కు ఎవరు జవాబిచ్చారో కూడా తెలుస్తోంది. ఇది కొందరికి నచ్చలేదనుకోండి.

ఫోన్ పోయినవాళ్ల సంగతి కూడా ముందే ఆలోచించాలి. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి "ఫోన్ పోయింది, అర్జెంట్, రీసెట్ చేయండి" అంటే చేసేస్తే, పైన చెప్పిందంతా దండగ. మా దగ్గర ఇప్పుడు నియమం ఇది: అడిగినవాళ్లను మేమే రికార్డులో ఉన్న నంబర్‌కు తిరిగి పిలుస్తాం, ముఖం చూస్తాం, వాళ్ల మేనేజర్ కూడా అవుననాలి. ఎంత పెద్దవాళ్లైనా ఇంతే. అర్జెంట్ అన్నకొద్దీ ఇంకా నెమ్మదిగా చేయమని మా కుర్రాళ్లకు చెప్పాను.

ఇక అసలు కథ.

ఎవరికి ఎంత యాక్సెస్ ఉందో ఒక ఎక్సెల్ షీట్‌లోకి దించాం. అడ్డంగా ఫోల్డర్లు, సాఫ్ట్‌వేర్లు; నిలువుగా పేర్లు. చూడగానే ఒక విషయం తెలిసిపోయింది. సర్వీసు పెరిగినకొద్దీ యాక్సెస్ పెరుగుతుంది. పని పెరిగినందుకు కాదు, విభాగాలు మారినందుకు. సేల్స్ నుంచి కొనుగోళ్లకు, అక్కడి నుంచి ప్రాజెక్టులకు మారిన ఒకాయనకు మూడు విభాగాల ఫోల్డర్లూ ఉన్నాయి. గది మారిన ప్రతిసారీ కొత్త తాళంచెవి ఇస్తూ, పాతది ఎవరూ వెనక్కి అడగనట్టు. ఆయన తప్పేమీ లేదు. ఇవ్వడానికి ఒక ఫారం ఉంది, తీసుకోవడానికి ఏ ఫారమూ లేదు.

ఏ ప్రోగ్రామైనా, ఏ మనిషైనా తన పనికి ఎంత అవసరమో అంత హక్కుతోనే నడవాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే తమ పరిశోధనా పత్రంలో రాశారు. యాభై ఏళ్ల నాటి మాట. అయినా ఎందుకు అమలు కాదంటే, ఎక్కువ ఇస్తే ఎవరూ ఫోన్ చేయరు, తక్కువ ఇస్తే మరుక్షణం చేస్తారు. ఐటీవాళ్లం కూడా మనుషులమే.

"ఈ యాక్సెస్ మీకు అవసరమా?" అని అడిగితే అందరూ అవసరమే అంటారు. అందుకని అడగడం మానేసి లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో సిస్టమ్ రాసుకునే చిట్టా, చూశాం. గత 90 రోజుల్లో తెరిచారా, తెరిస్తే చదివారా, మార్చారా? ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఏడాదికోసారి ఆడిట్ సమయంలో మాత్రమే తెరిచే ఫోల్డర్లు 90 రోజుల లెక్కలో వాడనివిగానే కనిపిస్తాయి. అలాంటివాటిని విభాగం పెద్దలను అడిగి పక్కన పెట్టాం. మిగిలినదాంట్లో తేలింది ఏమిటంటే, చాలామంది తెరుస్తున్నారు, చదువుతున్నారు, ఏమీ మార్చడం లేదు. వాళ్లకు చూసే హక్కు ఉంచి, మార్చే హక్కు తీసేశాం. ఒక్కరు కూడా గమనించలేదు! ఇది చిన్న లాభం కాదు. ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఎవరి లాగిన్ కింద నడుస్తుందో వాళ్ల హక్కులతోనే పనిచేస్తుంది. వాళ్లు మార్చగలిగిన ఫైళ్లనే అది పాడుచేయగలదు.

గొడవ వచ్చింది అకౌంట్స్‌లో. విభాగం హెడ్ మేడమ్ లాగిన్‌తో కొత్త సరఫరాదారును సిస్టమ్‌లో చేర్చవచ్చు, వాళ్ల బ్యాంక్ వివరాలు మార్చవచ్చు, పేమెంట్ కూడా ఆమోదించవచ్చు. మూడూ ఒకే చేతిలో. వాటిని విడదీయాలని చెప్పడానికి నేనే వెళ్లాను.

"ఇన్నేళ్లలో ఒక్క లెక్కలో తేడా వచ్చిందా?" అన్నారు. గొంతు పెంచలేదు, కానీ చేతిలో పెన్ను టేబుల్ మీద పెట్టేశారు.

"రాలేదండి. అనుమానం మీ మీద కాదు. రేపు మీ లాగిన్‌తో ఇంకెవరో దూరి పేమెంట్ పంపిస్తే, దాని కింద ఉండేది మీ పేరే. ఒక్కరి లాగిన్‌తో డబ్బు బయటికి పోదని సిస్టమే చెబితే ముందు రక్షణ మీకేనండి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం నా ప్లాన్‌లోనే లేనిది: "నెలాఖరున ఆమోదించాల్సిన మనిషి సెలవు పెడితే? జీతాలు ఆగితే మీరొచ్చి చెబుతారా అందరికీ?"

ఆ ప్రశ్నే మొత్తం పనిని నిలబెట్టిందనుకుంటాను. అప్పటిదాకా మేం తీసేయడం గురించే ఆలోచించాం, తిరిగి ఇవ్వడం గురించి కాదు. జనం అక్కరలేని యాక్సెస్‌ను పట్టుకుని వేలాడేది పరపతి కోసం ఒక్కటే కాదు, మళ్లీ కావాలంటే వారం రోజులు ఐటీ చుట్టూ తిరగాలన్న భయంతో కూడా. దాంతో ఒక చిన్న ఫారం పెట్టాం. ఏం కావాలి, ఎందుకు, ఎప్పటివరకు. విభాగం పెద్ద సరేనంటే ఆఫీసు వేళల్లో గంటలోపు ఇస్తాం. అడిగిన గడువు కాగానే దానంతట అదే పోతుంది, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదటి నెలంతా ఈ గంట మాట నిలబెట్టుకోవడానికి మేం ముగ్గురం నానా తంటాలు పడ్డాం. కానీ అలా రెండుమూడుసార్లు వెంటనే దొరికాక, "నాది తీసేయండి, కావాలంటే అడుగుతా" అని వాళ్లంతట వాళ్లే చెప్పినవాళ్లు ఉన్నారు. అకౌంట్స్ మేడమ్ తన విభాగంలో ఇంకో ముగ్గురి అనవసర హక్కులను తనే గుర్తుపెట్టి పంపారు.

డైరెక్టర్ గారితో సంభాషణ వేరే రకం.

"నా కంపెనీలో నాకే అడ్మిన్ ఉండకూడదంటారా?"

"చివరిసారి దేనికి వాడారు సార్?"

నవ్వారు. వాడిందే లేదు. "మీ పేరు, ఫొటో మన వెబ్‌సైట్‌లో ఉన్నాయి సార్. మోసం మెయిల్స్ అందరికంటే మీకే ఎక్కువ వస్తాయి. మీ లాగిన్ పోతే మీ మెయిల్ ఒక్కటే పోవాలి, కంపెనీ పోకూడదు" అన్నాను. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ సంగతి కూడా చెప్పాను. వాళ్ల క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్, అంటే అద్దె సర్వర్లన్నింటినీ నడిపే పేజీ, దొంగ చేతికి చిక్కింది. డేటాతో పాటు బ్యాకప్‌లు కూడా అదే ప్యానెల్ కింద ఉండటంతో వాడు వాటిని చాలావరకు చెరిపేశాడు. సంస్థ మూతపడింది.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "మరి మీరు ముగ్గురూ ఒకేసారి మానేస్తే?" అన్నారు.

వ్యాపారం చేసినవాళ్ల బుర్ర అలా పనిచేస్తుంది. దానికి సమాధానంగా రెండు అత్యవసర అకౌంట్లు తయారుచేశాం. ఎవరి పేరుతోనూ ఉండవు, రోజువారీ పనికి వాడరు. ఒక్కో దాని పాస్‌వర్డు, సెక్యూరిటీ కీ సీలు వేసిన కవర్లో ఉంటాయి. ఒక కవరు డైరెక్టర్ గారి దగ్గర, ఇంకోటి వేరేచోట సేఫ్‌లో. ఆ అకౌంట్లతో ఎవరు లాగిన్ అయినా ఆయనకూ మాకూ వెంటనే మెసేజ్ వస్తుంది. మూడు నెలలకోసారి తెరిచి, పనిచేస్తున్నాయో లేదో చూసి, మళ్లీ సీలు వేస్తాం. రోజూ నెత్తిన మోసే అడ్మిన్ హక్కు కంటే సీలు వేసిన ఆ కవరే ఆయనకు ఎక్కువ తృప్తినిచ్చిందని నా అభిప్రాయం.

మా ముగ్గురి సంగతీ మారింది. మెయిల్ చూసుకునే లాగిన్ వేరు, అడ్మిన్ లాగిన్ వేరు. అడ్మిన్ లాగిన్‌కు మెయిల్‌బాక్సే లేదు, కాబట్టి ఏ లింకూ దాని దగ్గరికి రాదు. బ్యాకప్‌లను చెరిపే హక్కు మెయిన్ సర్వర్ అడ్మిన్‌కు లేకుండా వేరు చేశాం. చికాకే. రోజుకు ఎన్నిసార్లు లాగిన్ మార్చుకోవాలో. కానీ 2020 జులైలో ట్విట్టర్‌లో జరిగింది చదివాక నోరెత్తలేదు. దొంగలు ఉద్యోగులకు ఫోన్లు చేసి, నమ్మించి, లోపలి పనిముట్లు సంపాదించారు. 130 అకౌంట్లను లక్ష్యంగా పెట్టుకుని 45 నుంచి ట్వీట్లు పెట్టారు, బరాక్ ఒబామా, బిల్ గేట్స్ లాంటివాళ్ల అకౌంట్లతో సహా. ఆ పనిముట్లు వెయ్యిమందికి పైగా సిబ్బందికి అందుబాటులో ఉండేవని అప్పట్లో వార్తలొచ్చాయి. అంతమందిలో దొంగకు ఒక్కరు దొరికితే చాలు.

డిజైనర్ల లాప్‌టాప్‌ల దగ్గర మాత్రం రాజీ పడ్డాం. వాళ్లు ఫాంట్లు, ప్లగిన్లు తరచూ వేసుకోవాలి. పూర్తిగా తీసేస్తే రోజంతా మాకు ఫోన్లే. ఆమోదించిన సాఫ్ట్‌వేర్ల జాబితా ఒకటి పెట్టి, అందులోవి ఎవరినీ అడగకుండా వేసుకోనిచ్చాం. జాబితాలో లేనిది కావాలంటే కొద్ది గంటలకు మాత్రం హక్కు ఇస్తాం. సిద్ధాంతం ప్రకారం ఇది పూర్తి భద్రత కాదు. అయినా పని ఆగిపోతే జనం సొంత లాప్‌టాప్‌లలో ఆఫీసు ఫైళ్లు తెరుస్తారు. అది ఇంకా ప్రమాదం.

ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లను హెచ్‌ఆర్ రికార్డుతో కలిపేశాం. చివరి పనిరోజు తేదీ అందులో పడితే ఆ సాయంత్రం లాగిన్ దానంతట అదే ఆగుతుంది. ఆ పని చేస్తుండగా బయటపడిందొకటి చెప్పాలి. ఎప్పుడో మానేసిన ఒకాయన అకౌంట్ రోజూ అర్ధరాత్రి లాగిన్ అవుతోంది. గుండె ఆగినంత పనైంది. టెన్షన్‌తో తవ్వితే తేలింది, ఆయన ఉన్నప్పుడు రాసిన స్క్రిప్ట్ (దానంతట అదే నడిచే చిన్న ప్రోగ్రామ్) ఒకటి రోజూ ఆయన పేరుతోనే స్టాక్ రిపోర్ట్ తీస్తోంది. ఆ రిపోర్ట్ చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లకూ అది ఎవరి పేరుతో వస్తోందో తెలియదు. దానికి విడిగా సర్వీస్ అకౌంట్, అంటే ప్రోగ్రామ్ మాత్రమే వాడే లాగిన్, పెట్టి, ఆ ఒక్క టేబుల్‌ను చదివే హక్కు మాత్రమే ఇచ్చి, బాధ్యుడి పేరు పక్కన రాశాం. మనుషుల అకౌంట్ల కంటే ఇలాంటి యంత్రాల అకౌంట్లే ఎక్కువ జాగ్రత్తగా వెతకాలని నాకనిపించింది. వాటి తరఫున ఫోన్ చేసి ఫిర్యాదు చేసేవాళ్లుండరు.

మూడు నెలలకోసారి రివ్యూ పెట్టాం. మొదటిసారి ప్రతి మేనేజర్‌కూ తన టీమ్ మొత్తం జాబితా పంపితే, అందరూ అన్నింటికీ ఓకే కొట్టి తిరిగి పంపారు. కొందరైతే ఫైల్ తెరిచినట్టు కూడా లేదు. రెండోసారి నుంచి మారిన పేర్లు, వాడకుండా పడి ఉన్న హక్కులు మాత్రమే పంపుతున్నాం. ఒక్కొక్కరికి పది లైన్లు దాటవు. జవాబు రాకపోతే ఉంచడం కాదు, తీసేయడమే అని ముందే చెప్పాం. ఆ ఒక్క వాక్యంతో జవాబులు టైముకు వస్తున్నాయి.

తేలనిది ఒకటి మిగిలింది. పాత పేరోల్ సాఫ్ట్‌వేర్‌కు రెండో అంచె పెట్టే వీలే లేదు, లోపల అందరికీ ఒకటే లాగిన్. తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్‌లో వస్తుందంటున్నారు, ఆ వెర్షన్ మాత్రం రావట్లేదు. ప్రస్తుతానికి దాన్ని నెట్‌వర్క్‌లో విడిగా ఉంచి, సెక్యూరిటీ కీతో లాగిన్ అయ్యే ఒకే ఒక్క కంప్యూటర్ నుంచి మాత్రమే తెరుచుకునేలా పెట్టాం. మార్చడానికి వచ్చే ఏడాది బడ్జెట్‌లో అడిగాం. అప్పటిదాకా ప్రతి సోమవారం ఆ కంప్యూటర్ లాగ్ నేనే చూస్తున్నాను.